మాట తప్పిన నియోబియం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం సన్నటి లోహపు పొరల మీదే ఉన్నాయి. పోయిన సంచికల్లో సూపర్‌కండక్టర్ల గురించి, అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డు పూర్తిగా మాయమయ్యే లోహాల గురించి, నాలుగు ముక్కలు రాశాను. దాని ఫలితం ఇది. (కెల్విన్ అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌ను సున్నాగా పెట్టుకుని లెక్కేసే ఉష్ణోగ్రత.) కొత్తవాళ్ల కోసం: మాది హిందూపురం. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో 31 ఏళ్లు స్పటరింగ్ మెషీన్ నడిపి రిటైరయ్యాను. టార్గెట్ అనే లోహపు దిమ్మను గ్యాసుతో కొట్టి, ఎగిరిన అణువులను పలక మీద సన్నటి పొరగా, అంటే ఫిలింగా, పరిచే యంత్రం అది. థియరీ మనిషిని కాను. పంపు చప్పుడు మారితే నిద్రలో కూడా లేచి కూర్చునే రకం.

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సిలికాన్ మీద 150 నానోమీటర్ల నియోబియం ఫిలిం వేశాను. పుస్తకంలో 9.2 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని ఉంది. నాది 7.4 దగ్గర మొదలై, రెసిస్టెన్స్ సున్నాకు వచ్చేసరికి 6.8 అయింది. గైడ్‌గారిని అడిగితే ‘మైక్రోస్ట్రక్చర్ చూసుకోమ్మా’ అని వెళ్లిపోయారు. టార్గెట్ ప్యూరిటీ 99.95 శాతమని సర్టిఫికెట్ ఉంది. నా తప్పు ఎక్కడ? రీడింగులు జత చేశాను.
— విద్యార్థిని, విజయనగర్, బెంగళూరు

జవాబు: మీ గైడ్‌గారు చెప్పింది నిజమే. కాకపోతే జ్వరం వచ్చినవాడికి ‘ఒంట్లో బాగాలేదు’ అని చెప్పి పంపినట్టుంది.

ముందు ఆ సర్టిఫికెట్ పక్కన పెట్టండి. అది టార్గెట్‌కు ఇచ్చారు, మీ ఫిలింకు కాదు. టార్గెట్ నుంచి ఎగిరిన నియోబియం మీ సిలికాన్ మీద వాలే లోపల దారిలో ఏం జరిగింది, వాలాక ఎలా సర్దుకుంది అన్నదే అసలు కథ. పైకి అద్దంలా మెరిసే ఆ ఫిలిం లోపల ఒకే ముక్క కాదు. వేలకొద్దీ చిన్న స్ఫటికాలు, మేం గ్రెయిన్స్ అంటాం. వాటి సైజెంత, ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయి, మధ్య సందులు ఎంత, ఆ సందుల్లోకి ఏం దూరింది, మొత్తం పొర ఎంత బిగుసుకుని ఉంది, ఇవన్నీ కలిపి మైక్రోస్ట్రక్చర్.

మీ రీడింగుల్లో నాకు బాగా నచ్చిన పని ఒకటి చేశారు. మందం కొలిచి, ఫోర్ ప్రోబ్‌తో (నాలుగు సూదులు ఆనించి కొలిచే పద్ధతి) రెసిస్టివిటీ, అంటే పదార్థం కరెంటుకు ఇచ్చే అడ్డు, రెండు ఉష్ణోగ్రతల దగ్గర రాశారు. రూమ్ టెంపరేచర్‌లో 62, పది కెల్విన్ దగ్గర 34 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు. చాలామంది ఈ రెండింటినీ భాగించి 1.8 అని రాసుకుని ఊరుకుంటారు. మీరు ఒకసారి తీసివేయండి. 28 వస్తుంది. వేడికి అణువులు అదరడం వల్ల పది కెల్విన్ నుంచి రూమ్ టెంపరేచర్ దాకా నియోబియంలో పెరిగే రెసిస్టివిటీ దాదాపు 15. మురికి ఎంత ఉన్నా ఆ తేడా పెద్దగా మారదు. మీకు 28 వచ్చిందంటే మురికి ఒక్కటే కారణం కాదు. మీరు కొలిచిన మందమంతా కరెంటును మోయడం లేదు. 15ని 28తో భాగిస్తే సగానికి కాస్త ఎక్కువ. మిగతాది సందులు, బీటలు. కరెంటు వాటిని తప్పించుకుని చుట్టూ తిరిగి పోతోంది.

సందులు ఎందుకొచ్చాయి? మెజెస్టిక్‌లో ఖాళీ బస్సు ఎక్కినవాడికి కిటికీ పక్క సీటు వెతుక్కునే తీరిక ఉంటుంది. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే కాలు పెట్టిన చోటే నిలబడిపోతాడు. నియోబియం అణువుది ఈ రెండో పరిస్థితి. దాని మెల్టింగ్ పాయింట్ 2477 డిగ్రీలు. కెల్విన్‌లో లెక్కేస్తే మన గది వేడి అందులో తొమ్మిదో వంతు. అంత చలిలో అది కదలలేదు, పడ్డ చోటే ఉండిపోతుంది. అదే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గది వేడి దానికి మూడో వంతు. వాలాక కూడా పక్కకు జరుగుతుంది, పక్కదాంతో కలిసి పెద్ద గ్రెయిన్ అవుతుంది. కదలలేని నియోబియం మాత్రం జొన్నచేను దంట్లలా పక్కపక్కనే నిలువుగా పెరుగుతుంది. పొడుగ్గా లేచిన దంటు నీడలో పక్కది గిడసబారుతుంది, మధ్యలో ఖాళీ మిగులుతుంది.

ఆ చలికి తోడు మీరు ఛాంబర్‌లో ఆర్గాన్ గ్యాసు ప్రెషర్ 15 మిల్లీటార్ పెట్టారు (టార్ అంటే ప్రెషర్ కొలత, మిల్లీటార్ అందులో వెయ్యో వంతు). దారిలో అన్ని ఆర్గాన్ అణువులను గుద్దుకుంటూ వచ్చేసరికి నియోబియం ఊపు చచ్చిపోతుంది, పైగా ఏటవాలుగా వచ్చి పడుతుంది. నీడ ఇంకా పెరుగుతుంది. మూడు నాలుగుకు దించండి. ఊపుతో వచ్చిన అణువు కింది పొరను సుత్తితో కొట్టినట్టు కొట్టి బిగిస్తుంది.

కానీ ఒక్కసారిగా దించేయకండి. దీంతో నాకో చేదు అనుభవం ఉంది. తొంభైల్లో ఒకసారి టార్గెట్ కొత్తది మార్చి, పాత సెట్టింగులతోనే ఇంకాస్త తక్కువ ప్రెషర్‌లో ఫిలిం వేశాను. సాయంత్రం తీసినప్పుడు ముఖం చూసుకునేంత నునుపు. డబ్బాలో పెట్టి, మర్నాడు పొద్దున మూత తీస్తే ఫిలిం నిండా పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా మెలికలు మెలికలుగా ఉబ్బెత్తు గీతలు. చూస్తుండగానే ఒక గీత వేఫర్ (సిలికాన్ పలక) అంచుదాకా పాకింది. టేప్ అంటించి లాగితే మొత్తం ఊడొచ్చింది. అతిగా బిగిసిన పొర అలా పైకి లేస్తుంది. ప్రెషర్ ఎక్కువైతే ఇందుకు రివర్స్: పొర లోపలికి లాక్కుంటుంది, బీటలు తీస్తుంది, ఒక్కోసారి ఉల్లిపొరలా చుట్టుకుపోతుంది. రెండింటికీ మధ్య సరైన చోటు ప్రతి మెషీన్‌కూ వేరు. టార్గెట్ అరిగేకొద్దీ ఆ చోటు కూడా పక్కకు జరుగుతుంటుంది. కాబట్టి 15 నుంచి 10, 7, 5, అలా మెట్టు మెట్టుగా దిగండి. ప్రతిదానికీ ఆ తీసివేత లెక్క చేయండి. తీసివేస్తే వచ్చే అంకె 15 దగ్గరకొచ్చాక ఆగండి.

ఇక రెండో దొంగ, టీసీని తగ్గించినవాడు. (టీసీ అంటే రైల్లో వచ్చే టీసీ కాదు, సూపర్‌కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత. మా ల్యాబ్‌లో ఈ జోకు రిటైరయ్యేదాకా వదల్లేదు.) మామూలు మలినాలు టీసీని పెద్దగా కదిలించవని 1959లోనే భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ చూపించారు. అందుకే విద్యార్థులు ‘మలినం ఉంటే ఏమవుతుందిలే’ అనుకుంటారు. నియోబియంలో ఆక్సిజన్ విషయం వేరు. అది అణువుల మధ్య సందుల్లోకి దూరి స్ఫటికాన్నే సాగదీస్తుంది, లోహం స్వభావమే మారిపోతుంది. నూటికి ఒక అణువు చొప్పున ఆక్సిజన్ చేరితే టీసీ సుమారు 0.9 కెల్విన్ పడిపోతుంది. మీరు పోగొట్టుకున్నది 1.8. అంతా ఆక్సిజన్ ఖాతాలోనే రాస్తే రెండు శాతం.

ఎక్కడిదంటారా? బేస్ ప్రెషర్, అంటే ఆర్గాన్ వదలక ముందు ఛాంబర్‌లో మిగిలిన గ్యాసు ప్రెషర్, 4×10⁻⁶ టార్ అని మీరే రాశారు. 10⁻⁶ టార్ దగ్గర మిగిలిన గ్యాసు సెకనుకు ఒక పూర్తి పొర చొప్పున వచ్చి తగులుతుంది. మీ దగ్గర నాలుగు పొరలు. మీ నియోబియం వేగం నిమిషానికి 12 నానోమీటర్లు, అంటే సెకనుకు ఒక పొర కూడా కాదు. వచ్చిందంతా అతుక్కోదు కాబట్టి బతికిపోయారు. ఆ గ్యాసులో ఎక్కువ భాగం నీటి ఆవిరి. ప్రయోగం జూలైలో చేశారని తేదీలు చెబుతున్నాయి. బెంగళూరు వానల్లో ఛాంబర్ మూత అరగంట తీసి ఉంచితే గోడలు నీళ్లు తాగేస్తాయి, ఆ తర్వాత రెండు రోజులు పంపు తిప్పినా వదలవు. మూత తీసే ముందు అన్నీ టేబుల్ మీద సిద్ధంగా పెట్టుకోండి. డ్రై నైట్రోజన్ నింపి తీయండి, ఐదు నిమిషాల్లో మూసేయండి. రాత్రంతా ఛాంబర్‌ను వేడి చేస్తూ పంప్ చేయండి. మర్నాడు షట్టర్ మూసి ఇరవై నిమిషాలు నియోబియంను ఊరికే స్పటర్ చేయండి. ఆక్సిజన్‌ను పట్టేసే గుణం దానికే ఉంది కదా, గోడల మీద పడ్డ నియోబియం చెత్తనంతా పట్టి పెడుతుంది. ఆ తర్వాత షట్టర్ తీయండి. వేగం కూడా పెంచండి, ఎంత త్వరగా వేస్తే అంత తక్కువ మురికి.

టీసీ 7.4 నుంచి 6.8 దాకా సాగడం ఈ రెండు దొంగలూ కలిసి చేసిన పని. సందులున్న పొరలోకి గాలి బయటకు తీశాక కూడా దూరుతుంది, దంట్ల అంచులు ఆక్సైడ్ అవుతాయి. ఒక్కో గ్రెయిన్‌కు ఒక్కో టీసీ. చివరి గ్రెయిన్ కూడా దారిలో పడితే గానీ రెసిస్టెన్స్ సున్నా కాదు.

ఒక్క హెచ్చరిక. ఉన్న ఫిలింను ఫర్నేస్‌లో పెట్టి బాగు చేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. 300 డిగ్రీల దగ్గర పైనున్న ఆక్సైడ్ కరిగి లోపలికి ఇంకుతుంది. టీసీ ఇంకా పడుతుంది.

ప్రశ్న: రెండు నెలల కిందట మీరు టాంటలమ్ 4.4 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని రాశారు. అది నమ్మి ఫిలిం వేశాను. 2 కెల్విన్ దాకా దించినా ఉలుకూ పలుకూ లేదు. దీనికి ఏమంటారు?
— రిసెర్చ్ స్కాలర్, అడయార్, చెన్నై

జవాబు: తప్పు నాదే బాబూ. ఆ వాక్యంలో ‘ఆల్ఫా’ అనే ముక్క రాయాల్సింది, బద్ధకించాను. టాంటలమ్ రెండు రూపాల్లో వస్తుంది. గడ్డగా దొరికేది ఆల్ఫా, ఘనాకారపు స్ఫటికం, దాని టీసీ 4.4. చల్లటి సబ్‌స్ట్రేట్ (పొర వేసే పలక) మీద నేరుగా స్పటర్ చేస్తే ఎక్కువగా వచ్చేది బీటా. అణువులు అవే, అమరిక వేరు. అది 1 కెల్విన్ కంటే కిందికి దిగితే గానీ సూపర్‌కండక్టర్ కాదు. మీ క్రయోస్టాట్ (చల్లబరిచే పరికరం) అంతదాకా వెళ్లదు కాబట్టి ఏమీ కనిపించలేదు.

చల్లబరచక ముందే తెలుసుకోవచ్చు. రూమ్ టెంపరేచర్‌లో రెసిస్టివిటీ కొలవండి. 170, 200 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు వస్తే బీటా. ఆల్ఫా అయితే అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికం అమరిక చూసే పరీక్ష) రాగి గొట్టంతో 33.7 డిగ్రీల కోణం దగ్గర బలమైన పీక్ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. హీలియం వృథా చేసుకోకండి, దాని ధర ఇప్పుడు బంగారంతో పోటీ పడేలా ఉంది.

మందు సులువే. టాంటలమ్‌కు ముందు కింద ఐదు నానోమీటర్ల నియోబియం వేయండి. దాని స్ఫటికం ఆల్ఫా టాంటలమ్‌ది లాంటిదే, కొలతలు కూడా దాదాపు ఒకటే. ముందు వరుస సరిగ్గా కూర్చుంటే వెనక వరుసలు దాన్నే చూసి కూర్చుంటాయి. లేదా సబ్‌స్ట్రేట్‌ను 500 డిగ్రీల దాకా వేడి చేసి వేయండి. సిలికాన్ మీదైతే అంత వేడికి సిలిసైడ్ (లోహం, సిలికాన్ కలిసిన సమ్మేళనం) తయారవుతుంది, సఫైర్ వాడండి.

బీటాను మరీ తిట్టకండి. టంగ్‌స్టన్‌లో కథ తిరగబడుతుంది. దాని మామూలు ఆల్ఫా రూపం 0.015 కెల్విన్ దగ్గర గానీ కదలదు, బీటా రూపం 1 కెల్విన్ పైనే సూపర్‌కండక్టర్ అవుతుంది. రెండూ కలిసేలా వేసి, మధ్యలో కావలసిన చోట టీసీ నిలబెట్టి, కృష్ణ పదార్థాన్ని (డార్క్ మ్యాటర్) వెతికే డిటెక్టర్లలో వాడుతున్నారు. మీరు చేసిన ‘తప్పు’నే వాళ్లు కొలత పెట్టి చేస్తారు.

ప్రశ్న: గ్రెయిన్ బౌండరీలు, అంటే గ్రెయిన్ల మధ్య సరిహద్దులు, ఉండకూడదని ఒకచోట, ఉంటేనే మంచిదని మరోచోట చదివాను. ఏది నమ్మాలి?
— మెటలర్జీ ఇంజనీర్, పీణ్య, బెంగళూరు

జవాబు: రెండూ. మీరు ఏ సూపర్‌కండక్టర్ గురించి అడుగుతున్నారో చెప్పలేదు, చిక్కంతా అక్కడే.

అయస్కాంత క్షేత్రంలో పెట్టినప్పుడు కొన్ని రకాల సూపర్‌కండక్టర్లలోకి క్షేత్రం సన్నటి సుడులుగా దూరుతుంది. 1957లో భౌతిక శాస్త్రవేత్త అబ్రికోసోవ్ లెక్క కట్టి చెప్పింది ఇదే, 2003లో దానికి నోబెల్ వచ్చింది. కరెంటు పోతుంటే ఆ సుడులను పక్కకు తోస్తుంది. సుడి కదిలితే వేడి పుడుతుంది, కథ ముగుస్తుంది. కాబట్టి సుడిని ఎక్కడో ఒకచోట మేకు కొట్టి ఆపాలి. నియోబియం-టిన్ తీగల్లో ఆ మేకు గ్రెయిన్ బౌండరీయే. గ్రెయిన్ ఎంత చిన్నదైతే అన్ని మేకులు. అక్కడ గ్రెయిన్లను పెరగనివ్వకుండా చూసుకోవడమే పనితనం.

వైబీసీఓ అనే ఆక్సైడ్‌లో అదే బౌండరీ గండి. పక్కపక్క గ్రెయిన్ల మధ్య కోణం పది డిగ్రీలు దాటితే కరెంటు దారుణంగా పడిపోతుంది. ఇంత తేడా ఎందుకంటే, సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి. జంటలో ఇద్దరి మధ్య దూరం స్వచ్ఛమైన నియోబియంలో 38 నానోమీటర్లు, వైబీసీఓలో ఒకటి రెండే. బౌండరీ వెడల్పు సుమారు ఒక నానోమీటర్. అంగ పెద్దదైనవాడికి అది పిల్లకాలువ, ఒక్క గంతులో దాటేస్తాడు. చిన్న అంగవాడికి అదే నది.

అసలు బౌండరీల జోలే వద్దనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఒక్కో ఫోటాన్‌ను (కాంతి కణాన్ని) లెక్కపెట్టే డిటెక్టర్లకు ఐదు నానోమీటర్ల నియోబియం నైట్రైడ్ పొరను సన్నటి తీగగా కోస్తారు. తీగ పొడవునా ఒక్క చోట గ్రెయిన్ తేడాగా ఉన్నా మొత్తం డిటెక్టర్ పనికిరాదు. అందుకని కొందరు టంగ్‌స్టన్ సిలిసైడ్‌కు మారారు. గాజులాంటి పదార్థం, గ్రెయిన్లే ఉండవు. టీసీ తక్కువ, ఇంకా చల్లబరచాలి. కానీ వేసినవాటిలో ఎక్కువ పనిచేస్తాయి. నా ఓటు దానికే. తీగ విరిగి రోజు మొత్తం వృథా అయినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే ఇంజనీరింగ్‌లో మెటీరియల్స్ తీసుకుంటానంటోంది. అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోంది, కోడింగ్ నేర్చుకుంటే చాలు, లోహాలతో పనేముంది అంటున్నారు చుట్టాలు. టెన్షన్‌గా ఉంది.
— గృహిణి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమరావతికి 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో లెక్కలు చేసే మూల యూనిట్లు) ఐబీఎం మెషీన్ వస్తుందని 2025లో ప్రకటించారు కదమ్మా, ఆ చిప్ మీద క్యూబిట్లంటే సూపర్‌కండక్టర్ పొరలతో గీసిన సర్క్యూట్లే. ఇలాంటి క్యూబిట్ గుండెకాయ రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడ్. ఇందాక చెప్పానే, అల్యూమినియం గది వేడిలోనే గ్రెయిన్లు పెంచుకుంటుందని. ఆ ఎగుడుదిగుడు మీద ఆక్సైడ్ ఒకే మందంలో రాదు. పలచగా ఉన్న కొద్దిచోట్ల నుంచే ఎక్కువ కరెంటు దూకుతుంది. అందుకే పక్కపక్కనే చేసిన రెండు క్యూబిట్లు ఒకేలా ఉండవు. దాన్ని కోడింగ్‌తో కొంతవరకే సర్దగలరు.

2021లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్లు సర్క్యూట్‌లో నియోబియం తీసి టాంటలమ్ పెట్టారు. క్యూబిట్ తన స్థితిని నిలుపుకునే సమయం 0.3 మిల్లీసెకన్లు దాటింది. అప్పటికి అది పెద్ద గెంతు. డిజైన్ మార్చి సాధించింది కాదు, లోహం మార్చి సాధించింది. (ఆల్ఫా టాంటలమేనని అడయార్ బాబుకు మనవి.) మీ అమ్మాయిని చదవనివ్వండి. చుట్టాలకు ఈ పేజీ కత్తిరించి పంపండి.

ప్రశ్న: ఒకే లోహం తీరు ఇంతలా మారడం నమ్మబుద్ధి కావడం లేదు. అన్నిటికంటే పెద్ద తేడా మీకు తెలిసినంతలో దేనిలో?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: బిస్మత్‌లో. దాని మంచి స్ఫటికం 0.00053 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని 2016లో ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వాళ్లు చూపించారు. అంతకు అరవై ఏళ్ల ముందే, 1954లో, జర్మనీలో బుకెల్, హిల్ష్ అనే ఇద్దరు బిస్మత్ ఆవిరిని హీలియం చలిలో ఉన్న పలక మీద పడేలా చేశారు. స్ఫటికంగా సర్దుకునే వ్యవధి అణువులకు దొరకలేదు, గందరగోళంగా గడ్డకట్టాయి. ఆ గందరగోళం 6 కెల్విన్ దగ్గరే సూపర్‌కండక్టర్ అయింది. పది వేల రెట్లకు పైగా తేడా.

అలాంటి ఫిలిం ఒకటి చూపించగలరా అని ఉత్తరం చివర్లో అడిగారు. చూపించలేనండీ. పాతిక కెల్విన్ల దాకా వేడెక్కితే చాలు, అణువులు సర్దుకుని కూర్చుంటాయి. మీరు చూసేందుకు క్రయోస్టాట్ తెరిచేసరికి పలక మీద ఉండేది మామూలు బిస్మత్.